కిర్రుమన్నదెక్కడ?

సూర్యాపేటలో భోజనానికి ఆగేదాకా మా కారు నోరెత్తలేదు. మే నెల, మిట్టమధ్యాహ్నం. నీడ దొరక్క గంటసేపు ఎండలోనే నిలబెట్టాం. తిరిగొచ్చి ఏసీ పెట్టుకుని హైవే ఎక్కామో లేదో మొదలైంది. కిర్ర్... కిర్ర్. రోడ్డు నున్నగా ఉంటే అరనిమిషానికొకటి, అతుకులొస్తే అతుక్కొకటి. కోదాడ దాటాక ఎవరో గదమాయించినట్టు ఆగిపోయింది. విజయవాడ చేరాక మా బావమరిదికి వినిపిద్దామని బెంజి సర్కిల్ దాకా తిప్పుకొచ్చాను. ఒక్క కిర్రు లేదు.

"బావా, కారు బాగానే ఉంది. నువ్వోసారి చెవి చూపించుకో" అన్నాడు.

అది ఎక్కణ్నుంచి వస్తోందో కనిపెట్టడానికి నాకు ఐదు వారాలు పట్టింది. సరిచేయడానికి ఇరవై నిమిషాలు. అయిన సామాను ఒక టేపు ముక్క, రెండు క్లిప్పులు. పనంతా వినడంలోనే ఉందన్నమాట. వినే ఓపిక లేక విప్పడం మొదలుపెట్టినవాళ్లు ఒక చప్పుడుతో బయల్దేరి నాలుగింటితో ఇంటికొస్తారు. రెండో వారంలో నేనూ ఆ జాబితాలో చేరాను. ఆ ముచ్చట తర్వాత.

ఏదో సౌండ్ అండీ

సర్వీస్ సెంటర్‌కి వెళ్లి మనం చెప్పేది ఒకటే మాట: "లోపల ఏదో సౌండ్ వస్తోందండీ." అక్కడి అడ్వైజర్ జాబ్ కార్డులో 'ఇంటీరియర్ నాయిస్' అని రాసుకుంటాడు. సాయంత్రానికి 'చెక్ చేశాం, ఓకే' అన్న ముక్కతో కారు బయటికొస్తుంది. ఒంట్లో బాగాలేదని మాత్రం చెప్పి ఊరుకుంటే డాక్టరైనా ఏం రాస్తాడు?

నిజానికి చప్పుళ్ల విషయంలో తెలుగువాళ్లం కలిగినవాళ్లం. కిర్రు, కిచకిచ, టకటక, గలగల, లొడలొడ, జుమ్ము. ఒక్కో మాటలోనే దాని కారణం దాక్కుని ఉంటుంది. కార్ల ఇంజనీర్లు ఇవన్నీ కలిపి మూడు మాటల్లో సర్దుకున్నారు: బజ్, స్క్వీక్, రాటిల్. పొట్టిగా బీఎస్ఆర్ అంటారు. కిర్రు, కిచకిచ అంటే రెండు వస్తువులు ఒరుసుకుంటున్నాయి. టకటక, లొడలొడ అంటే రెండింటి మధ్య సందు ఉంది, కొట్టుకుంటున్నాయి. జుమ్మంటే పల్చటి పలక ఏదో తన సొంత శ్రుతి తగలగానే అదురుతోంది. మూడింటికీ మందు వేరు. ఒరుసుకునేవాటి మధ్య మెత్తటిదేదైనా వేయాలి, కొట్టుకునేదాన్ని బిగించాలి, అదిరేదానికి కాస్త బరువో స్పాంజో తగిలించాలి. లొడలొడకి గ్రీజు రాస్తే జిడ్డోడుతూ లొడలొడమంటుంది, అంతే.

ఈ మూడింట్లో మనిషి ప్రాణం తోడేసేది కిర్రు. వెనకటికి ఊళ్లో పెద్దమనుషులు కిర్రు చెప్పులు తొడుక్కుని నడిచేవాళ్లు. మనిషి కనపడకముందే రాక తెలియాలని ఆ సరదా. తోలు మీద తోలు ఒక క్షణం పట్టుకుంటుంది, బలం పెరిగేసరికి చటుక్కున జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. పట్టు, జారు, పట్టు, జారు. సెకనుకి వందలసార్లు ఇలా జరిగితే అది చెవికి స్వరమై తగులుతుంది. వయొలిన్ కమాను తీగను పలికించేదీ ఇలాగే. పట్టు బాగా ఉండాలనే కమానుకి రోజిన్ రుద్దుతారు. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కమాను కింద పలికిందీ, నా డ్యాష్‌బోర్డులో కిర్రుమన్నదీ భౌతికశాస్త్రం కళ్లకి ఒకే జాతి. వాయించేవాళ్లలోనే తేడా.

ఏ ప్లాస్టిక్‌కి ఏ ప్లాస్టిక్‌తో పడుతుందో, ఏది ఏది తగిలితే కీచుమంటుందో ముందే చూసుకోవడానికి జర్మనీ కార్ల పరిశ్రమకి ఒక ప్రమాణమే ఉంది, వీడీఏ 230-206 అని. రెండు ముక్కల్ని ఒత్తిపట్టి నెమ్మదిగా రాపాడించి, 1 నుంచి 10 దాకా మార్కులేస్తారు. ఇక్కడ మార్కులు తక్కువొస్తేనే మంచిది. 3 దాకా అయితే నిశ్చింత, 6కి చేరితే ఎప్పుడో ఒకప్పుడు అరుస్తుంది. మనవాళ్లు పొంతన చూసినట్టే. అన్ని పొంతనలూ చూసి చేసిన పెళ్లిళ్లలో కూడా రెండో ఏడాదికి కిర్రు మొదలవుతుందనుకోండి.

మూడు మిల్లీమీటర్ల గొడవ

మా కిర్రు ఎండలో నిలబెట్టాకే ఎందుకు వచ్చింది? కోదాడ దాటాక ఎందుకు పోయింది? జవాబు ఇక్కడే ఉందని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

కారు లోపల కనిపించేదంతా ప్లాస్టిక్: ఏబీఎస్, పాలీప్రొపిలీన్, వాటి మీద రెక్సిన్. వెనక దాన్ని మోస్తున్నది ఉక్కు. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు పెరిగితే మీటరు పొడవున్న ఉక్కు కడ్డీ దాదాపు అర మిల్లీమీటరు సాగుతుంది. అంతే పొడవున్న ఏబీఎస్ ముక్క సుమారు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. రెండింటినీ ఒకే క్లిప్పుతో కట్టేశాం. ఆ తేడా ఎక్కడికో పోవాలి కదా! జారడానికి కొంచెం చోటు వదిలిపెడతారు, ఆ జారుడులోనే కిర్రు పుడుతుంది.

40 డిగ్రీల తేడా మాటవరసకి అన్నది కాదు. అమెరికాలో అరిజోనా ఎడారి ప్రాంతంలో పరిశోధకులు ఎండలో నిలిపిన కార్లను కొలిచి 2018లో ఫలితాలు ప్రకటించారు. బయట 38 డిగ్రీలు దాటిన రోజుల్లో, గంట తిరిగేసరికి డ్యాష్‌బోర్డు సగటున 69 డిగ్రీలకి చేరింది. స్టీరింగ్ 53, సీట్లు 51. మన రెంటచింతలకో రామగుండానికో మే నెలలో బయట 38 అంటే చల్లటి రోజు కింద లెక్క. అలా కాగిన డ్యాష్‌బోర్డు మీదికి ఏసీ గాలి ఒక్కసారిగా వదిలితే పైపొర ముందు కుంచించుకుపోతుంది, లోపలిది ఇంకా వేడిగానే ఉంటుంది. అరగంటో ముప్పావుగంటో అన్నీ సర్దుకునేదాకా సణుగుడు తప్పదు. సూర్యాపేట నుంచి కోదాడకి పట్టింది సరిగ్గా అంతే.

అందుకే చప్పుడు వెతికేవాడు ముందు కాగితం, కలం పట్టుకోవాలంటాను. ఏ వేళ, ఎంత ఎండ, ఏసీ ఉందా లేదా, స్పీడెంత, పక్క సీట్లో ఎవరైనా ఉన్నారా. నాలుగు రోజులు రాస్తే చప్పుడు సగం దొరికినట్టే. పొద్దున చల్లటి కారులో మాత్రమే వచ్చేది వేరు, ఎండ తిన్నాక వచ్చేది వేరు, వాన పడ్డాక మాయమయ్యేది వేరు. వానకి పోయిందంటే చాలాసార్లు తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ పనే.

చెవిని నమ్మితే

నా చెవి మాత్రం ఆ కిర్రు మధ్యలో ఉన్న ఏసీ గ్రిల్ దగ్గర్నుంచే అని ఒట్టేసి చెప్పింది. పక్కన కూర్చున్న మా ఆవిడ, "కాదు, నా పక్కనే, అద్దం దగ్గర" అంది. మొదటి వారంలోనే అంది. స్టీరింగ్ నా చేతిలో ఉంది కాబట్టి నా మాటే నెగ్గింది.

మన చెవులు కుడి ఎడమల్ని బాగా పసిగడతాయి. ఎడమ వైపు చప్పుడు ఎడమ చెవికి ముందు చేరుతుంది, కుడి చెవికి ఆ తర్వాత. ఎంతో తేడా లేదు, మహా అయితే సెకనులో వెయ్యోవంతుకి మూడింట రెండు వంతులు. మెదడు ఆ కాస్తని కూడా లెక్కగడుతుంది. బొంగురు చప్పుళ్లకి ఈ కాలం లెక్క, కీచు చప్పుళ్లకి రెండు చెవుల్లో వినబడే బిగ్గరతనం లెక్క అని లార్డ్ రేలీ 1907లోనే తేల్చిచెప్పాడు. అయితే ముందా వెనకా, పైనా కిందా అనేసరికి రెండు చెవులకీ తేడా లేకుండా పోయి బుర్ర తడబడుతుంది. దానికి తోడు కారంటే ఒక గాజుపెట్టె. కీచుధ్వని ముందద్దానికి తగిలి తిరిగొచ్చి, పుట్టిన చోటు కాక తగిలిన చోటు చూపిస్తుంది. కాబట్టి ఒకడే డ్రైవ్ చేస్తూ వెతకడం రెండు రకాలుగా తప్పు. ఒకటి, దొరకదు. రెండు, చూపు రోడ్డు మీద ఉండదు. డ్రైవింగ్ ఒకరు, వినడం ఇంకొకరు. వినేవాళ్లు సీటు మారి మళ్లీ వింటే రెండు దిక్కులు దొరుకుతాయి. అవి కలిసే చోట మీ కిర్రు ఉంటుంది.

ముందు ఖాళీ చేయండి

విప్పడానికి ముందు చేయాల్సింది ఖాళీ చేయడం. హాస్యానికి అనడం లేదు, మన కార్లలో సగం చప్పుళ్లు కంపెనీ పెట్టినవి కావు, మనం పెట్టినవే. అద్దానికి వేలాడే రుద్రాక్షమాల, డ్యాష్‌బోర్డు మీద అతికించిన వినాయకుడు, ఫోన్ స్టాండు, కళ్లజోడు గూట్లో కళ్లజోడు, టోల్‌గేట్ల చిల్లర, గ్లవ్ బాక్సులో నాలుగేళ్ల ఇన్సూరెన్సు కాగితాలూ పెర్ఫ్యూమ్ సీసా. డిక్కీలో జాకీ, పానా, స్టెప్నీ బిగించే బోల్టు. హ్యాచ్‌బ్యాక్ అయితే వెనకుండే పార్సిల్ ట్రే. ఎవరూ కూర్చోని సీటు బెల్టు బకిల్ పక్క స్తంభానికి తగిలి చేసే టకటకకి ఎంతమంది తలుపులు విప్పించుకున్నారో లెక్కలేదు. దేవుణ్ని కూడా ఒక్కరోజు ఇంట్లో పెట్టి తిరిగి చూడండి, ఏమీ అనుకోడు.

ఖాళీ చేసినా పోలేదంటే అప్పుడు చేత్తో నొక్కే వంతు. గతుకుల రోడ్డు మీద నెమ్మదిగా పోతుంటే పక్కనున్నవాళ్లు ఒక్కొక్క పలకా అరచేత్తో నొక్కిపట్టాలి. నొక్కగానే ఆగిందా, అదే. కొన్ని నొక్కితే ఆగవు, మోగుతాయి, అవీ పట్టుబడ్డట్టే. చెయ్యి పట్టని సందుల్లో శుభలేఖ ముక్క మడిచి దూర్చితే సరి. ఆ అట్టకి సరైన మందం ఉంటుంది, ప్రతి ఇంట్లో పాతవి ఉంటాయి. అనుమానం ఉన్న అతుకులన్నిటి మీదా పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు అంటించి, చప్పుడు ఆగాక ఒక్కొక్కటే పీక్కుంటూ రావడం ఇంకో పద్ధతి. జుమ్ముకి రోడ్డు కూడా అక్కర్లేదు: ఇంటి ముందు కారు నిలిపి, స్పీకర్లలో 20 నుంచి 200 హెర్ట్‌జ్ దాకా మెల్లగా ఎక్కే స్వరం పెట్టండి. తలుపులో వదులైన పలక తన శ్రుతి రాగానే జుమ్మని చెయ్యెత్తుతుంది.

ఒక చక్రం మాత్రం ర్యాంపు మీదికి ఎక్కించి తలుపు మూసి వినడం కూడా మంచి ఉపాయం. బాడీ కాస్త మెలిపడుతుంది. అప్పుడు కిర్రుమంటే బీడింగ్ మీదో తలుపు గొళ్లెం మీదో అనుమానపడాలి. నిలబడ్డ కారులో స్టీరింగ్ తిప్పితే వచ్చేదీ, స్పీడ్ బ్రేకర్ మీద మాత్రమే కింద్నుంచి గుక్కుమనేదీ లోపలి చప్పుళ్లు కావు. లింక్ రాడ్లు, బుష్‌లు, స్ట్రట్ మౌంటింగ్. అవి మెకానిక్ పని, వాయిదా వేయకూడని పని.

అద్దం ఎప్పుడు మార్పించారు?

నేను చేసిన నిర్వాకం చెప్తానన్నాను కదా. రెండో ఆదివారం, ఫోనులో వీడియో చూస్తూ, స్క్రూడ్రైవర్‌తో మధ్య గ్రిల్ పీకాను. గ్లవ్ బాక్సు దింపాను. ఒక క్లిప్పు విరిగింది, ఒకటి డ్యాష్‌బోర్డు కడుపులోకి జారిపోయింది. స్క్రూడ్రైవర్ గీత ఇప్పటికీ ఉంది. తిరిగి బిగించాక కిర్రు అలాగే ఉంది, కొత్తగా లోపల పడ్డ క్లిప్పు గలగల తోడైంది. ప్లాస్టిక్ ట్రిమ్ టూల్ అని ఒకటి దొరుకుతుందనీ, ఆ క్లిప్పులు ఒకటి రెండుసార్లు పీకితే పట్టు పోగొట్టుకుంటాయనీ, కాబట్టి విప్పేముందే కొత్తవి తెచ్చుకోవాలనీ అప్పటికి తెలియదు.

మళ్లీ విజయవాడ వెళ్లినప్పుడు బావమరిది ఆటోనగర్‌లో సీట్లు, రూఫ్ లైనింగ్ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన కారు చుట్టూ కూడా తిరగలేదు. ఎడమ సీట్లో కూర్చుని, ముందద్దం పక్క స్తంభం మీది తొడుగుని బొటనవేలితో అదిమాడు. మెకానిక్కులు 'ఏ-పిల్లర్' అంటారు దాన్ని. కిర్ర్.

"అద్దం ఎప్పుడు మార్పించారు సార్?"

ఫిబ్రవరిలో, లారీ చక్రం నుంచి రాయి ఎగిరొస్తే. ఈయనకెలా తెలుసు?

"ఇది ఓసారి పీకి పెట్టింది. అడుగున సరిగ్గా కూర్చోలేదు, చూడండి. క్లిప్పు పాతదే కొట్టేశారు."

మా ఆవిడ ఏమీ అనలేదు. కిటికీలోంచి ఆటోనగర్ అందాలు చూస్తూ కూర్చుంది.

తొడుగు మీద ఎయిర్‌బ్యాగ్ అన్న అక్షరాలు చూసి ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నాకు ఆ మనిషి మీద నమ్మకం కుదిరింది అక్కడే. బ్యాటరీ నెగటివ్ తీయించి, "టీ తాగొద్దాం" అన్నాడు. టీ ఆయన మర్యాదే కాదు, జాగ్రత్త కూడా. బ్యాటరీ తీశాక ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థలో మిగిలిన కరెంటు దిగిపోవడానికి కొన్ని నిమిషాలు ఆగాలి. కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కార్లలో ఆ స్తంభం తొడుగు వెనక మడిచిన సంచీ ఉంటుంది. అది విచ్చుకున్నప్పుడు తొడుగు తునకలై ఎగరకుండా పట్టి ఉంచేది కొక్కెం లాంటి ప్రత్యేకమైన క్లిప్పు. చాలా కార్లలో అది ఒక్కసారికే పనికొస్తుంది. అక్కడ స్పాంజి కుక్కడం, జిగురు పూయడం, పసుపు రంగు వైర్ల కనెక్టర్లు కెలకడం మనం చేయకూడని పనులు. పక్క ఎయిర్‌బ్యాగులున్న సీట్లకి బిగుతు కవర్లు తొడగడం కూడా ఈ కోవలోదే. తెలియనప్పుడు సర్వీస్ సెంటర్‌కి వదిలేయడమే మేలు, కిర్రు భరించినా ఫరవాలేదు.

క్లిప్పులు మర్నాటికి దొరికాయి. తొడుగు అడుగు అంచు డ్యాష్‌బోర్డుకి తగిలే చోట మాత్రం, సంచీ దారికి దూరంగా, పల్చటి ఫెల్ట్ టేపు అంటించాడు. కార్లలో వైరింగ్‌కి చుట్టే, వెల్వెట్‌లా మెత్తగా ఉండే గుడ్డ టేపు కూడా ఇందుకు బ్రహ్మాండంగా పనికొస్తుంది. హైదరాబాద్‌లో అయితే రాణిగంజ్‌లోనో పుట్లీబౌలిలోనో అడిగి చూడండి. మెత్తటి స్పాంజి కన్నా ఇదే నయం. స్పాంజి రెండు ఎండాకాలాలకి పొడిపొడిగా రాలిపోతుంది.

నా క్లిప్పు? "గ్లవ్ బాక్సు దింపిందెవరు?" అని అడిగి, నా మొహం చూసి, ఇంకేం అడక్కుండా చేత్తో తీసిచ్చాడు.

కొబ్బరినూనె వద్దు

రబ్బరు బీడింగ్ కిర్రుమంటే మనవాళ్లకి తోచేది కొబ్బరినూనె, లేకపోతే వేస్‌లైన్. బండి ఇరుసుకి ఆముదం కందెన పెట్టిన జాతి మనది, అలవాటు ఎక్కడికి పోతుంది? కానీ కారు తలుపు బీడింగ్ చాలావరకు ఈపీడీఎం అనే రబ్బరు. పెట్రోలియం నూనెలు తగిలితే అది ఉబ్బి మెత్తబడుతుంది. వేస్‌లైన్, గ్రీజు, తుప్పు వదిలించే స్ప్రేలు దానికి పడవు. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, ఆరాక సిలికోన్ లూబ్రికెంట్ గుడ్డకి పట్టించి పల్చగా రుద్దాలి. అది అద్దం మీద పడితే రాత్రి ఎదురు లైట్లకి మసక కమ్ముతుంది కాబట్టి స్ప్రే కొట్టొద్దు. తలుపు గొళ్లెం, వెనక సీటు తగులుకునే ఇనుప కొక్కెం లాంటి లోహపు చోట్లకి తెల్లటి లిథియం గ్రీజు చిటికెడు చాలు.

వారంటీ ఉన్న కారైతే ఇవేవీ మీరు చేయొద్దు. సర్వీస్ సెంటర్‌లో మెకానిక్‌ని మీ పక్కన కూర్చోబెట్టుకుని, చప్పుడొచ్చే రోడ్డుకి, చప్పుడొచ్చే వేళకి తీసుకెళ్లండి. ఫోనులో రికార్డు చేసి ఉంచండి. జాబ్ కార్డులో 'ఎండలో నిలిపాక, ఏసీ వేసిన అరగంట దాకా, ఎడమ ముందు మూల, కిర్రు' అని రాయించండి. అలా రాసిన కార్డుని 'ఓకే' అని తిప్పి పంపడం కొంచెం కష్టం.

ఇప్పుడు మా కారు నిశ్శబ్దంగా ఉందా అంటే, చెప్పాలి. పెద్ద చప్పుడు చిన్న చప్పుణ్ని కప్పేస్తుంది. పెద్దది పోతే దాని కింద ఉన్నది బయటపడుతుంది. ఎలక్ట్రిక్ కార్లు కొన్నవాళ్లకి ఇది బాగా అనుభవం. ఇంజిన్ మోత లేకపోయేసరికి, డీజిల్ కారులో జన్మలో వినపడని చిన్న చిన్న గుసగుసలన్నీ వరసకట్టి వినిపిస్తాయి. వాటిని తయారుచేసేవాళ్లకి క్లిప్పులూ ఫెల్టూ అంతకుముందు కన్నా పెద్ద పని అయిపోయాయి.

మా స్తంభం కిర్రు పోయిన వారానికి వెనక కుడి తలుపులో ఒకటి మొదలైంది. సన్నగా, టిక్కుటిక్కుమని. అరవై దాటితేనే వస్తుంది, అదీ ఏసీ ఫ్యాన్ రెండులో ఉన్నప్పుడు. మూడులో పెడితే వినపడదు. ప్రస్తుతం మూడులోనే పెడుతున్నాను.